అందరికీ పదకొండు గంటలకే

మార్చి 3, సోమవారం

"అత్తా, మనకి జనం లేరా?" అని అడిగాడు బుడంకాయ నిన్న.

ఎదురింటి ముసలాయనకి ఎనభై ఏళ్ళు నిండాయట. వీధి పొడుగునా కార్లు, మేడ మీద కుర్చీలు, మెట్ల మీద పిల్లల పరుగులు. మావాడు కిటికీ ఊచలకి ముక్కు ఆనించి మధ్యాహ్నమంతా ఆ ఇంటికి వచ్చినవాళ్ళని లెక్కపెట్టాడు. ముప్ఫై ఎనిమిది మందట. వాడికి ఇరవై దాకానే వచ్చు, మిగతాది వాళ్ళక్క పూర్తి చేసింది.

జనం లేకేం, కావలసినంతమంది ఉన్నారు. ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకోరు, అంతే. ఆరేళ్ళవాడికి ఆ మాట ఎలా చెప్తాం? "ఉన్నార్రా నాన్నా, అందరూ పనుల్లో ఉన్నారు," అన్నాను.

"అయితే ఆదివారం పిలుద్దాం. ఆదివారం ఎవరికీ పనులుండవు కదా," అంది లాయరు. తొమ్మిదేళ్ళు దానికి. ఒకసారి మా డిపోకి తీసుకెళ్తే మేనేజరుతో అరగంట వాదించింది, అప్పట్నుంచి అందరికీ అది లాయరే.

ఆదివారం పనులుండవట! మరి బస్సులు దాని తాత తిప్పుతాడా? ఇరవై రెండేళ్ళుగా డ్రైవర్లకీ కండక్టర్లకీ డ్యూటీ చార్టులు రాసేదాని ఇంట్లో పెరుగుతూ అనాల్సిన మాటేనా అది?

చివరికి ఒప్పుకున్నాను. ఏప్రిల్ పదమూడు, ఆదివారం, మా ఇంట్లో. అన్నీ పిల్లలే చూసుకుంటారట, నేను కాస్త సాయం చేస్తే చాలట. పేరు వాళ్ళది, చాకిరీ నాది. తెలియనిదేముంది.

మార్చి 4, మంగళవారం

లిస్టు రాశారు. పాత డ్యూటీ చార్టు వెనకవైపు, ఎర్ర పెన్సిలుతో.

అమ్మ. నాన్న. చిన్నత్త, మామయ్య, వాళ్ళ బాబు. పెదనాన్న, పెద్దమ్మ. సైకిల్ షాపు అంకుల్.

"ఇదేం వరసే? ఇంటికి పెద్దవాడు మీ పెదనాన్న. ముందు ఆయన పేరుండాలి," అన్నాను.

"దూరం నుంచి వచ్చేవాళ్ళకి ముందు చెప్పాలత్తా. లేకపోతే వాళ్ళకి టికెట్టు దొరకదు," అంది లాయరు. తన దగ్గర సమాధానం లేకుండా ఆ పిల్ల ఏ పనీ చెయ్యదు.

నా పేరు లేదు. అడిగితే, "నువ్వు ఇంట్లోనే ఉంటావుగా," అన్నాడు చిన్నోడు. అవును మరి, గోడలకీ తలుపులకీ పిలుపులుంటాయా?

మార్చి 6

వేరే ఊళ్ళో నర్సుగా చేస్తున్న పిల్లల తల్లికి ఆసుపత్రివాళ్ళు క్వార్టర్సు ఇచ్చారు. రెండు గదులట, వెనక చిన్న పెరడట. ఉత్తరం వచ్చి పన్నెండు రోజులైంది. 'ఇక పిల్లల్ని తీసుకెళ్తాను వదినా' అని రాసింది. పిల్లలకి పరీక్షలు. ఇప్పుడు చెప్తే చదువు మీద మనసు నిలవదు. పరీక్షలయ్యాక చెప్తాను.

మార్చి 9, ఆదివారం

ఈతకి తీసుకెళ్ళాను. నాలుగు నుంచి అయిదు దాకా క్లాసు. చిన్నోడు ఇంకా గట్టు పట్టుకునే కాళ్ళు కొడుతున్నాడు. పెద్దది సగం దూరం పోతోంది.

తిరిగొస్తుంటే కింద సైకిల్ షాపతను ట్యూబు నీళ్ళలో ముంచి చూస్తూ, "అక్కా, ఆదివారం నాలుగైతే చాలు, పైన మీ ఫోను ఒకటే మోత. మోగి మోగి అదే ఊరుకుంటోంది. ఎవరో పాపం," అన్నాడు.

"రాంగు నంబర్లు," అన్నాను.

నా సెల్లు డిపోది. తెల్లారింది మొదలు డ్రైవర్లు చేస్తూనే ఉంటారు. అందుకే ఇంటి ఫోనుకి చెయ్యమని చెప్పాను వాళ్ళమ్మకి. ఈత క్లాసు పిల్లల ఆరోగ్యానికి. ఆదివారం వేరే టైములో ఖాళీల్లేవు. ఉదయం తొమ్మిదికి ఉందన్నారు గానీ, ఆదివారం కూడా పిల్లల్ని పొద్దున్నే లేపడం ఏం న్యాయం?

మార్చి 11

పెదనాన్నా చిన్నత్తా ఎందుకు మాట్లాడుకోరని లాయరు నిలదీసింది. కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుంది. అయినా చెప్పాను, చెప్పకపోతే వదలదు కాబట్టి.

మా అమ్మ మంచాన పడ్డాక జుట్టు చిక్కులు పడి పుళ్ళు పడుతున్నాయని మా చెల్లి ఒకరోజు కత్తెర తీసుకుని పొట్టిగా కత్తిరించేసింది. అన్నయ్యకి చెప్పలేదు. పది రోజులకి అమ్మ పోయింది. వచ్చినవాళ్ళందరి ముందూ అన్నయ్య, "అమ్మని అమ్మలా కూడా పోనివ్వలేదు నువ్వు," అన్నాడు దాన్ని. మూడేళ్ళయింది. ఆ ఇద్దరూ మళ్ళీ ఒక గదిలో కూర్చోలేదు. అన్నయ్య మా ఇంటికొచ్చే రోజు చెల్లి రాకుండా, చెల్లి వచ్చే రోజు అన్నయ్య రాకుండా చూస్తున్నది నేనే.

"అమ్మమ్మకి జుట్టు మళ్ళీ పెరుగుతుంది కదా," అన్నాడు చిన్నోడు.

"అమ్మమ్మకి కాదురా, నాయనమ్మకి," అంది వాళ్ళక్క. సందు దొరికితే చాలు ఇద్దరూ పేచీకి దిగుతారు. ఎడ్డెమంటే తెడ్డెం. మా వంశమే.

మార్చి 12

చార్టు గీశాను. ఇది నాకు వెన్నతో పెట్టిన విద్య. మా డిపోలో ఇద్దరు డ్రైవర్లున్నారు. తొమ్మిదేళ్ళ క్రితం కొట్టుకుని ఒకడి పన్ను ఊడింది. ఆ తొమ్మిదేళ్ళలో వాళ్ళిద్దరూ గేటు దగ్గర ఒక్కసారి ఎదురుపడలేదు. ఒకడి బస్సు లోపలికొచ్చే సమయానికి రెండోవాడిది ఊరు దాటి ఉంటుంది. మేనేజర్లు మారారు, చార్టు మారలేదు.

ఉదయం 11: అన్నయ్య, వదిన.
మధ్యాహ్నం 1.30: చెల్లి, వాళ్ళాయన, బాబు.
సాయంత్రం 4: పిల్లల తల్లి.

పిల్లల తండ్రికి, అంటే మా తమ్ముడికి, లీవు దొరకదు. రేవులో క్రేను నడుపుతాడు, ఓడలు ఎక్కువగా వచ్చే నెలట.

ఎవరినీ కాదనలేదు. అందరికీ చోటుంది. ఆవిడకి ఆదివారాలు రాత్రి ఎనిమిదికి డ్యూటీ. ఆ ఊరికి నాలుగు గంటల ప్రయాణం. ఎనిమిదికి అక్కడ ఉండాలంటే ఇక్కడ మధ్యాహ్నం మూడింటి బస్సు ఆఖరు. నాలుగింటికి రాలేనంటే అది ఆవిడ డ్యూటీ తిప్పలు, నాదేముంది అందులో. ముందు పిలుద్దామంటే ఆ ఇద్దరి గొడవల మధ్య ఈవిడా ఎందుకు?

మార్చి 15

తమ్ముడి ఫోను. ఆవిడ వాడికీ రాసిందట క్వార్టర్సు సంగతి.

"ఏమంటావురా?"

"నేనేమంటానక్కా... పిల్లలు ఎక్కడుంటామంటే అక్కడ. పదమూడున ఎలాగూ తను వస్తుందిగా, పిల్లల్నే అడగండి."

కన్నవాడు అనాల్సిన మాటేనా! రెండున్నరేళ్ళ క్రితం మొగుడూ పెళ్ళాం విడిపోయినప్పుడూ ఇదే మాట: నువ్వెలా అంటే అలా అక్కా. వాడి జీవితమంతా ఎవరో ఒకరు ఎలా అంటే అలా. అంత పెద్ద క్రేను వాడి చేతికి ఎలా ఇచ్చారో.

పిల్లల్నే అడగాలట. అడిగితే ఏమంటారో తెలిసినవాడు అలా అనడు. లేదా తెలిసే అన్నాడా?

మార్చి 18

కార్డులు తయారు. అట్టముక్కల మీద లాయరు రాసింది: 'మా ఇంటికి భోజనానికి రండి. ఆటలు ఉంటాయి. కేకు ఉంటుంది. ఎవరూ అలగకూడదు.' చిన్నోడు తనకేం పని లేదని ఏడుపు లంకించుకుంటే టైములు వెయ్యడం వాడికప్పజెప్పాను. చార్టు వాడి ముందు పెట్టి, ఏ కార్డు మీద ఏ టైమో చెప్పి వంటింట్లోకి వెళ్ళాను. వచ్చేసరికి కవర్లు అంటించేసి ఉన్నాయి. చేతులకీ చెంపకీ జిగురు. నాలుక బయటపెట్టి, ఉద్యోగం చేసి వచ్చినవాడిలా నిలబడ్డాడు.

ఆఫీసుకెళ్తూ నేనే పోస్టు చేశాను.

మార్చి 20

ఆవిడకి ఫోను చేశాను, డిపో నుంచి. పిల్లలు రమ్మంటున్నారని చెప్పాను.

"నిజంగా వాళ్ళే అడిగారా వదినా?"

"అబద్ధమెందుకు చెప్తాను?"

"నా మీద కోపంగా ఉన్నారని మీరన్నారు కదా. ఫోనంటేనే పారిపోతున్నారని..."

"పిల్లలు కదా. ఇవాళ కోపం, రేపు ఉండదు. టైము కార్డులో ఉంటుంది, చూసుకో."

టైము నోటితో చెప్పలేకపోయాను. అవతల మేనేజరు పిలుస్తున్నాడు, అందుకని.

మార్చి 23, ఆదివారం

లాయరు ఈ చివర్నుంచి ఆ చివరికి ఆగకుండా ఈదింది. గట్టెక్కి దగ్గుతూ, నవ్వుతూ, "అమ్మకి చెప్పాలి!" అంది.

"ఉత్తరం రాద్దువుగాని."

"అమ్మ ఫోను ఎందుకు చెయ్యదు అత్తా?"

"తీరిక ఉండదేమో. ఆసుపత్రి పనంటే మాటలా."

అది తువ్వాలు తలకి చుట్టుకుంది. నా చెయ్యి పట్టుకుని నడిచింది ఇంటిదాకా. తొమ్మిదేళ్ళ పిల్ల, ఈ మధ్య వీధిలో ఎవరి చెయ్యీ పట్టుకోవడం లేదు.

మార్చి 29

ఎవరెక్కడ కూర్చోవాలో బొమ్మ గీశారు. లాయరు పెదనాన్న పక్కన చిన్నత్తని పెట్టింది. ఇద్దరికీ నవ్వితే భుజాలు ఒకేలా ఎగురుతాయట.

వాళ్ళు ఒకే టైముకి రారని చెప్పాను. చార్టు చూపించాను. లాయరు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఇది డాక్టరు దగ్గర చీటీల్లా ఉందత్తా. ఒకళ్ళు బయటికెళ్తే ఇంకొకళ్ళు లోపలికి. ఆ తాతగారింట్లో అందరూ ఒక్కసారే ఉన్నారు."

"పెద్దవాళ్ళ సంగతులు నీకు తెలియవు."

"నేను పదకొండు బాగా రాస్తాను," అన్నాడు చిన్నోడు, ఎవరూ అడక్కుండానే.

"నీ మొహం, అన్నం తిను," అన్నాను.

ఏప్రిల్ 5

ఎనిమిది రోజులు.

నేనేం పొమ్మనలేదు ఆవిడని. ఇది రాసి పెట్టుకోవాలి, రేపెవరైనా అడిగితే నాకే గుర్తుండాలి. విడిపోయాక ఆ ఊళ్ళో ఉద్యోగం దొరికింది. ఉండటానికి హాస్టల్లో ఒక మంచం, గదికి నలుగురు నర్సులు. పిల్లలకి చోటు లేదు. తనే వచ్చి, "ఇల్లు దొరికేదాకా వదినా, మీరు కాబట్టి వదిలి వెళ్తున్నా," అంది. చిన్నోడికప్పుడు మూడున్నర. రాత్రిళ్ళు పక్క తడిపేవాడు. జ్వరాలు నేను చూశాను, పళ్ళూడితే నేను చూశాను, బడిలో కొరికాడని పిలిస్తే నేను వెళ్ళాను. పెళ్ళీ పెటాకులూ లేనిదానికి పిల్లలేం తెలుసని అన్నవాళ్ళందరూ నోళ్ళు మూసుకున్నారు.

మొదట్లో ఆవిడ ఫోను చేసేది, మాట్లాడేవాళ్ళు. పెట్టేశాక చిన్నోడు గంటసేపు తలుపు దగ్గర కూర్చుని ఏడ్చేవాడు. వాడి ఏడుపు నేను చూడలేకపోయాను. ఎనిమిది నెలల క్రితం ఈతలో చేర్పించాను. ఏడుపు ఆగింది. ఆగిందా లేదా? అదీ అడగాలి ఎవరైనా అడిగేవాళ్ళు.

ఇప్పుడు ఇల్లు దొరికిందట. బొమ్మల్ని దాచమని ఇచ్చి తిరిగి అడిగినట్టు.

ఏప్రిల్ 12

ఇల్లు కడిగాం. పరుపులు ఎండలో వేశాం. లాయరు కాగితం దండలు కట్టింది, చిన్నోడు బెలూన్లు ఊది ఊది సొమ్మసిల్లాడు. సైకిల్ షాపతను రేపు కుర్చీలు తెచ్చిస్తానన్నాడు.

పిల్లలు మూడుసార్లు అడిగారు, అమ్మ వస్తుందా అని. "వీలైతే వస్తుంది," అన్నాను మూడుసార్లూ.

ఏప్రిల్ 14, సోమవారం. డిపోలో, టీ టైములో

నిన్నటిది రాయాలి.

పదకొండుకి పది నిమిషాలుంది. మెట్ల మీద అడుగులు. మా మెట్లు ఒక మనిషికే సరిపోతాయి, ఎదురుపడితే ఒకళ్ళు వెనక్కి దిగాల్సిందే. తలుపు తీసి చూస్తే అన్నయ్య ముందు, చేతుల్లో బిందెంత పుచ్చకాయ. వెనకాల వదిన. ఆవిడ వెనకాల మా చెల్లి, వాళ్ళాయన, బాబు. ముందుకి రాలేరు, వెనక్కి పోలేరు.

అన్నయ్య వెనక్కి తిరిగి చూసి బిగుసుకుపోయాడు. పుచ్చకాయ చేతుల్లోంచి జారుతోంది.

"కింద చెయ్యి వెయ్యరా, పగులుతుంది!" అని అరిచింది మా చెల్లి. పెద్దన్నయ్యని 'రా' అంది కంగారులో. అరుస్తూనే వదినని గోడకి నొక్కేసి దాటి వచ్చి కింద చెయ్యి వేసింది. మూడేళ్ళలో మొదటి మాట. ఇద్దరూ ఆ కాయని చంటిపిల్లలా మోసుకుంటూ పైకొచ్చారు. గుమ్మంలో దించాక అన్నయ్య, "రా ఏమిటే, నన్ను?" అన్నాడు. అది నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఇద్దరి భుజాలూ ఎగిరాయి.

అయిపోయింది. మూడేళ్ళు నేను కాపలా కాసిన గొడవ ఒక పుచ్చకాయతో సరి. వాళ్ళని ఎదురుపడనివ్వకుండా చూడకపోతే ఎన్నడో అయిపోయేదేమో. ఈ ముక్క నాకు నిన్న తోచలేదు, ఇప్పుడు రాస్తుంటే తోస్తోంది.

నేను చెల్లి చేతిలోంచి కార్డు లాక్కుని చూశాను. 11. అన్నయ్యది చూశాను. 11. రోజూ చార్టుని మూడుసార్లు సరిచూసే మనిషిని, ఆ కవర్లు ఒక్కసారి విప్పి చూడలేదు.

"ఏమిట్రా ఇది?"

"నాలుగు నాకు తిరగబడిపోతుందత్తా," అన్నాడు చిన్నోడు బెదిరిపోతూ. "ఒకటిన్నర ఎలా రాయాలో తెలీదు. ఒకటీ ఒకటీ అయితే బాగా వస్తుంది."

అందరూ విరగబడి నవ్వారు. అన్నయ్య వాణ్ణి ఎత్తుకున్నాడు. ఆ నవ్వుల్లోనే మళ్ళీ మెట్ల మీద అడుగులు.

పిల్లల తల్లి. రాత్రి డ్యూటీ దిగి అట్నుంచి అటే బస్సెక్కిందట. నిద్ర లేక కళ్ళు వాచి ఉన్నాయి. చంకలో ఒక సంచీ, చేతిలో ఆ కార్డు, ఎవరో అడిగితే చూపించాలన్నట్టు ముందుకి పట్టుకుని. గుమ్మం బయటే నిలబడింది. చిన్నోడు అన్నయ్య మెడ వదలకుండా కాసేపు చూశాడు. తర్వాత జారి దిగి, నడిచి వెళ్ళి, ఆవిడ చీర కుచ్చిళ్ళలో మొహం పెట్టాడు. ఏడవలేదు. నాకు ఏడుపొచ్చింది, వంటింట్లోకి పోయాను.

భోజనాలు బాగానే జరిగాయి. లాయరు మాత్రం తల్లి దగ్గరికి పోలేదు. అందరికీ కేకు పంచింది, ఆవిడకీ ఒక ముక్క పెట్టింది, పరాయివాళ్ళకి పెట్టినట్టు. ఆటలు మొదలవబోతుంటే వచ్చి ఆవిడ ముందు నిలబడింది.

"ఎనిమిది నెలల నుంచి ఫోను ఎందుకు చెయ్యలేదు?"

"చేశానమ్మా," అంది ఆవిడ. "ప్రతి ఆదివారం చేశాను. నాలుగింటికి."

"నాలుగింటికి మేం ఈతకి వెళ్తాం. ఇంట్లో ఎవరుంటారు? ఇంకో టైముకి చెయ్యచ్చు కదా?"

"మీ అత్తయ్యే ఆ టైముకి చెయ్యమన్నారు తల్లీ. మిగతా రోజులు చేస్తే చదువు పాడవుతుందన్నారు. నాతో మాట్లాడటం మీకు ఇష్టం లేదని..."

ఆపేసింది. నా వైపు చూసింది. ఆవిడకి అప్పుడే అర్థమైంది, ఆ మాట నోట్లో ఉండగానే. అన్నయ్య చూశాడు. చెల్లి చూసింది. అందరికంటే చివర లాయరు తిరిగింది.

"అత్తా, నువ్వు చెప్పావా అలా?"

ఎంతసేపు పట్టింది? బస్సు హారను కొట్టినంతసేపు.

"లేదు," అన్నాను.

అదనపు కుర్చీలు మోసుకొచ్చిన సైకిల్ షాపతను గుమ్మంలో ఉన్నాడు. కుర్చీలు నెమ్మదిగా కింద పెట్టి దిగిపోయాడు.

"చూశావా?" అంది లాయరు తల్లితో. "అత్త అబద్ధమాడదు. నువ్వే ఆడుతున్నావు. ఫోను చెయ్యలేదు, మళ్ళీ అత్త మీదకి తోస్తున్నావు."

ఆవిడ అరుస్తుందనుకున్నాను. నన్ను నలుగురిలో కడిగేస్తుందనుకున్నాను. అరిస్తే నేనూ అరిచేదాన్ని, నా ధైర్యం నాకు వచ్చేది. ఆవిడ పిల్ల మొహమే చూస్తూ కూర్చుంది.

తర్వాత క్వార్టర్స్ సంగతి అన్నయ్య ఎత్తాడు. తమ్ముడు ఫోన్లో మళ్ళీ అదే పాట: పిల్లలెలా అంటే అలా. చిన్నోడు తల్లి ఒళ్ళోంచి దిగనే లేదు, వాణ్ణి అడగక్కర్లేకపోయింది. లాయరు నా పక్కకొచ్చి నిలబడింది.

"నేను అత్త దగ్గరే ఉంటాను. అందరూ కలిసి అత్తని దొంగని చేశారు. నేనూ వెళ్ళిపోతే ఒక్కతే అయిపోతుంది."

మూడింటి బస్సుకి తల్లితో పాటు వాణ్ణి ఎక్కించాం. ఏ గేటు దగ్గర ఆగుతుందో, ఏ వైపు ఎండ పడదో నేనే చెప్పాను. వాడి బట్టలు సంచీలో సర్దింది కూడా నేనే. వాడికి సంతోషమూ ఏడుపూ కలిసి వచ్చి వెక్కిళ్ళు పట్టుకున్నాయి. బస్సు కదిలాక వాళ్ళక్క చెయ్యి ఊపలేదు.

గెలిచాను కాబోలు. సగం.

ఏప్రిల్ 15

చెప్పేస్తాను. రేపు బడి నుంచి రాగానే కూర్చోబెట్టి చెప్తాను.

ఏప్రిల్ 16

బడి నుంచి తలనొప్పితో వచ్చింది. ఇవాళ కాదు.

ఏప్రిల్ 17

వీలు కాలేదు.

ఏప్రిల్ 18

చెల్లి ఫోను చేసింది. "అక్కా, ఒక్కటి అడుగుతాను, ఏమనుకోవుగా?"

"అనుకుంటాను. అడక్కు," అన్నాను.

అన్నయ్యా తనూ కలిసి అమ్మ ఫోటో పెద్దది చేయిస్తున్నామని చెప్పి పెట్టేసింది. వాళ్ళిద్దరూ ఒకటయ్యారు. నన్ను అడగలేదు ఏ ఫోటో అని.

సైకిల్ షాపతను ఇప్పుడు 'అక్కా' అనడం లేదు. 'మేడమ్' అంటున్నాడు.

ఏప్రిల్ 20, ఆదివారం

లాయరు ఈతకి రానంది. తమ్ముడు లేకుండా వెళ్ళబుద్ధి కాదట. రోజంతా వాడి మంచం మీద బోర్లా పడుకుంది. అన్నానికి తన పక్కన రెండు కంచాలు పెట్టి, ఒకటి తీసి లోపల పెట్టింది. నేను చూడలేదనుకుంది.

చిన్నప్పట్నుంచీ ఒక్కరోజు విడిగా లేరు ఇద్దరూ. విడదీసింది నేను. ఆవిడ కాదు, మా తమ్ముడు కాదు. నేను, 'లేదు' అన్న రెండక్షరాలతో. ఆ రెండక్షరాలు వెనక్కి తీసుకుంటే రేపే బస్సెక్కి చిన్నోడి దగ్గరికి పోతుంది ఆ పిల్ల, మళ్ళీ నా మొహం చూడదు. తీసుకోకపోతే ఇలా బోర్లా పడుకునే ఉంటుంది.

అవును, నాలుగింటికి చెయ్యమన్నది నేనే. చెప్పిన మర్నాడే వెళ్ళి ఈత క్లాసుకి పేర్లు రాయించాను. ముందు నిండిపోయిందన్నారు, బతిమాలి ఆ టైమే రాయించాను. ఇదీ నిజం. ఇన్నాళ్ళకి ఇక్కడైనా రాశాను కదా.

ఏప్రిల్ 23, బుధవారం

సాయంత్రం ఏడు. లాయరు బల్ల దగ్గర లెక్కలు చేసుకుంటోంది. నేను ఎదురుగా కూర్చుని వచ్చే వారం చార్టు రాస్తున్నాను. సెల్లు మోగింది. ఆవిడ. ఎన్నడూ దీనికి చెయ్యలేదు.

"వదినా, పెట్టెయ్యకండి. ఒక్క నిమిషం," అంది. "నేను దాన్ని తీసుకెళ్ళను. మీ మీద ఒట్టు. మీ దగ్గరే ఉండనివ్వండి, ఎన్నాళ్ళైనా సరే, నేను అడగను. దానికి ఒక్క మాట చెప్పండి చాలు. అమ్మ ఫోను చేసేది అని. మీరు చేయించారని కూడా చెప్పక్కర్లేదు. పొరపాటు జరిగిందనండి, మతిమరుపనండి, ఏదో ఒకటనండి. అమ్మ మర్చిపోలేదని ఒక్కటి తెలిస్తే చాలు దానికి. వదినా? వింటున్నారా?"

వింటున్నాను. పిల్లని పోగొట్టుకోకుండా నిజం చెప్పే దారి తనే తెచ్చి నా చేతిలో పెట్టింది. నేను అడగలేదు, తనే ఇచ్చింది. ఇక నాకు సాకు లేదు.

లాయరు తలెత్తింది. "ఎవరత్తా?"

పొరపాటు అంటే ఆ పిల్ల ఊరుకుంటుందా? ఏం పొరపాటు, ఎప్పుడు, ఎందుకు మర్చిపోయావు, ఎనిమిది నెలలు ఎలా మర్చిపోతావు అని అడుగుతుంది. అడుగుతూ నా వైపు చూస్తుంది. ఆ నలుగురూ చూసినట్టు చూస్తుంది. ఇప్పుడు చూస్తున్నట్టు ఇంకెప్పుడూ చూడదు. నిండా మునిగినదానికి చలేమిటి అంటారు. ఉంటుంది చలి.

"డిపో వాళ్ళు," అన్నాను. ఫోన్లో, "రేపు చూద్దాం, ఇప్పుడు కుదరదు," అని పెట్టేశాను. స్విచ్చి ఆపేశాను.

"నిన్ను ఒక్క నిమిషం కూర్చోనివ్వరు కదా వాళ్ళు," అంది లాయరు. "చూడు, మొహమంతా చెమటలు."

లేచి వెళ్ళి మంచినీళ్ళు తెచ్చి ఇచ్చింది. నా కొంగుతోనే నా నుదురు తుడిచింది. గ్లాసు మొత్తం తాగేశాను. ఇంకో గ్లాసు కూడా అడిగి తెప్పించుకున్నాను.